ఇతివృత్తమున ఎఱుక పంపకము: శకుంతలా కథనుబట్టి యొక పరిశీలనము

కథ వేఱు, ఇతివృత్తము వేఱు అను మాట మన తరగతి గదులలో తఱచుగా వినబడునదే. కథ యనగా జరిగిన సంగతుల వరుస; ఇతివృత్తమనగా ఆ సంగతులను కవి కూర్చిన తీరు. విద్యార్థి యీ రెండు వాక్యములను వ్రాసి, పంచసంధులను, పంచావస్థలను, అర్థప్రకృతులను పేర్కొన్నచో పరీక్షకునకు తృప్తి కలుగుచున్నది. అయినను ఆ కూర్పు చేయు పని యేమి, అది మాఱినచో కావ్యమున ఏమేమి మాఱును అను ప్రశ్నకు సమాధానము దొరకుట యరుదు.

ఈ లోపమునకు మేమును వెలియైనవారము కాము. "మహాభారతమున దుష్యంతుడు తెలిసియు తెలియదని బొంకెను, కాళిదాసు తన నాయకుని ఆ దోషమునుండి తప్పించుటకై దుర్వాసుని శాపమును కల్పించెను" అని మేము పెక్కేండ్లు బోధించితిమి. పలువురు విమర్శకులు చెప్పినదే గావున దానిని మఱల పరీక్షింపవలెనని తోపలేదు. ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థిని లేచి యిట్లడిగెను: "శాపము రాజును కాపాడుటకే యైనచో, రాజు నిర్దోషియని ప్రేక్షకులకు తెలిసిన చాలును గదా! ఆ శాపము శకుంతలకు తెలియకుండుట యెందులకు?" అప్పుడు మేము చెప్పిన సమాధానము ఆమెకు తృప్తి కలిగింపలేదు; మాకును కలిగింపలేదు. ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న ప్రత్యుత్తరమే యీ వ్యాసము.

మా ప్రతిపాదన యిది: ఇతివృత్త నిర్మాణమనగా సంగతులను ముందు వెనుకలుగా అమర్చుట మాత్రమే కాదు. ఏ సంగతి యెవరికి, ఎప్పుడు తెలియవలెనో, ఎవరికి తెలియరాదో నిర్ణయించుట అందు ముఖ్యమైన పని. దీనిని మేము ఎఱుక పంపకమని వ్యవహరించుచున్నాము. ఈ పంపకము మాఱినచో కథ యొకటే యైనను రసము మాఱును. పాత్ర స్వభావము మాఱును. తుదకు పాత్ర పలుకగల మాట కూడ మాఱును.

1. పూర్వుల దృష్టి

ఇతివృత్తము నాట్యమునకు శరీరమని భరతుని మతము. విషాదాంత నాటకమునకు అది ఆత్మ వంటిదని క్రీస్తు పూర్వము 4వ శతాబ్దికి చెందిన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ మతము. ఒకరు శరీరమనిరి, ఒకరు ఆత్మ యనిరి గావున ఇరువురకు విరోధమని భావింపరాదు. భరతునకు రసము పరమము. అది నిలుచుటకు ఇతివృత్తము ఆధారము. అరిస్టాటిలునకు మానవుని కార్యము ప్రధానము గావున దాని కూర్పే సర్వస్వము.

మన లాక్షణికుల విభాగము ఫలమును ఆశ్రయించి యున్నది. ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అను నైదవస్థలును నాయకునకు ఫలము ఎంత దూరమున నున్నదో కొలుచు మెట్లు. ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము అను సంధులు ఆ నడకకు సరిపడు కథాభాగములు. అరిస్టాటిల్ కొలత వేఱు. స్థితి తాఱుమాఱగుట, గుర్తింపు కలుగుట అను రెంటిని ఆయన ఇతివృత్తమునకు ఆయువుపట్లుగా ఎంచెను. గుర్తింపు అనగా తెలియమి నుండి తెలివిడికి వచ్చుట. ఎఱుకకు ఇతివృత్తముతో గల సంబంధము ఆ నిర్వచనముననే కలదు.

మనవారు దీనిని ఎఱుగకపోలేదు. ఒకడు ఒక యర్థమున పలికిన మాట రాబోవు మఱియొక సంగతిని ప్రేక్షకునకు స్ఫురింపజేయుటను పతాకాస్థానకమనిరి. పలికినవాని యెఱుకకును వినినవాని యెఱుకకును గల యంతరము లేనిదే యది పుట్టదు. కాని సంధ్యంగముల జాబితా పెరిగిన కొలది ఈ యంశము మఱుగున పడినది. ఓరుగల్లున ప్రతాపరుద్రుని యాస్థానమందలి విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయమున నాటక లక్షణములకు ఉదాహరణముగా ఐదంకముల నాటకమునే రచించి చేర్చెను. లక్షణమును బోధించుటకు అంతకంటె చక్కని యుపాయము లేదు. కాని లక్షణమును బట్టి లక్ష్యము పుట్టుట వేఱు, లక్ష్యమును చూచి లక్షణము తెలిసికొనుట వేఱు. మన విద్యార్థులు తఱచుగా మొదటి త్రోవనే నడచుచున్నారు.

పాశ్చాత్యులలోను ఈ దోషము లేకపోలేదు. జర్మను విమర్శకుడు ఫ్రైటాగ్ 1863లో నాటక గమనమును ఆరోహణ, శిఖర, అవరోహణములు గల త్రికోణముగా చూపెను; తరువాతివారు ప్రతి కథను ఆ త్రికోణమున ఇముడ్చ యత్నించిరి. రష్యను పండితుడు ప్రాప్ 1928లో తమ దేశపు అద్భుత కథలను పరిశీలించి, వానిలోని పాత్రల చర్యలు 31 అని తేల్చెను. అదియు ఆ కథలకు చెల్లిన లెక్కయే గాని ఎల్ల కథలకు చెల్లునది కాదు. ఆంగ్ల నవలాకారుడు ఫార్స్టర్ 1927లో కాలక్రమము కథయనియు, కార్యకారణ సంబంధము ఇతివృత్తమనియు భేదము చూపెను. ఇది యుపకరించు భేదమే. కాని శకుంతలా కథ ఆ భేదముతో తేలునది కాదు. భారతమునను నాటకమునను కార్యకారణ సంబంధము చక్కగనే యున్నది. అయినను అవి రెండును ఒక్క యితివృత్తము కావు. వాని భేదమును ఎఱుకలో వెదకవలెను.

2. భారత కథలో తెలిసినవారు

నన్నయభట్టు ఆదిపర్వ చతుర్థాశ్వాసమున చెప్పిన కథను మొదట చూతము. దుష్యంతుడు వేటకు వచ్చి కణ్వాశ్రమము చేరును. కణ్వుడు లేని సమయమున శకుంతలను గాంధర్వ విధిని పెండ్లాడును. తన కుమారుడు యువరాజు కావలెనని ఆమె కోరును. రాజు అంగీకరించి పోవును. కొడుకు పుట్టి పెరిగిన పిమ్మట కణ్వుడు ఆమెను భర్త యొద్దకు పంపును. సభలో రాజు ఆమెను ఎఱుగనని పలుకును. ఆకాశవాణి నిజము చెప్పును. లోకాపవాదమునకు వెఱచి తెలిసియు అట్లంటినని రాజు ఒప్పుకొనును.

ఇందు ఎవరికేమి తెలియును? జరిగిన వివాహము రాజునకు తెలియును, శకుంతలకు తెలియును, పాఠకునకును తెలియును. తెలియనివారు సభవారు మాత్రమే. ఇంకొక యంశము గమనింపదగియున్నది: రాజునకు తెలియునని శకుంతలకు తెలియును. తెలిసి తెలిసి ఎఱుగనివానివలె ఏల పలికెదవని ఆమె నేరుగా నిలదీయును. సత్యము పుత్రులకంటెను అధికమని వాదించును. ఆమె మాట ప్రార్థన కాదు, అభియోగము. ఎదుటివాడు అసత్యమాడుచున్నాడని రూఢిగా తెలిసినవారు మాత్రమే అట్లు మాటలాడగలరు.

కావున ఇచట కావలసినది గుర్తింపు కాదు, సాక్ష్యము. ఆకాశవాణి రాజునకు క్రొత్త విషయమేమియు తెలుపుట లేదు. సభకు తెలుపుచున్నది. ఈ కథకు నిర్వహణము రెండు హృదయముల కలయిక కాదు. ఒక సత్యము బహిరంగమగుట. తెలియనివారు సభ యొక్కటే గావున సభలోనే కథ ముగియవలసి వచ్చెను. నన్నయ శకుంతల తేజస్వినియని చెప్పి ఆ తేజస్సును పాత్ర చిత్రణమను వేఱొక శీర్షిక క్రింద వ్రాయించుట మన యలవాటు. కాని ఆ తేజస్సునకు అవకాశమిచ్చినది ఎఱుక పంపకమే.

3. నాటకమున తెలియనివారు

కాళిదాసు సప్తాంకముల అభిజ్ఞాన శాకుంతలమున ఈ పంపకమును పూర్తిగా తలక్రిందులు చేసెను. నాల్గవ యంకపు ప్రారంభమున, భర్తను తలపోయుచు ఒడలు మఱచిన శకుంతల దుర్వాసుని రాకను గమనింపదు. ఆయన శపించును. ఆ మాట దూరమున పూలు కోయుచున్న అనసూయా ప్రియంవదల చెవిని పడును. ప్రియంవద వేడుకొనగా, ఆనవాలుగా నిచ్చిన ఆభరణమును చూచినప్పుడు శాపము తొలగునని మునియనును. సుకుమారియగు చెలి తట్టుకొనలేదని తలచి, వారిరువురు ఆ సంగతిని తమలోనే దాచుకొందురు. ఆ క్షణము నుండి శాపమును ఎఱిగినవారు ఇద్దఱు చెలులు, ప్రేక్షకులు. ఎఱుగనివారు శాపము తగిలిన యిద్దఱే.

వీడ్కోలు వేళ చెలులు, రాజు గుర్తింపక జాగుచేసినచో ఉంగరమును చూపుమని చెప్పుదురు. శకుంతల ఉలికిపడును. స్నేహము కీడునే శంకించునని వారు మాట దాటవేయుదురు. ప్రేక్షకుని గుండెలో బరువు పెరుగును. శకుంతల మాత్రము తేలిక మనస్సుతోనే నగరమునకు పోవును.

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు వత్తము. శాపము శకుంతలకు తెలిసియున్నచో ఏమి జరుగును? ఉంగరమును ప్రాణమువలె కాపాడుకొనును. అది పోయినను, సభలో దుర్వాసుని పేరు చెప్పి చెలులను సాక్ష్యము పిలువుమనును. నాటకము ఐదవ యంకముననే ముగియును. ఇక ప్రేక్షకునకును తెలియకున్నచో ఏమగును? ఋషికుమారుడు శార్ఙ్గరవునితో పాటు మనమును రాజును దుర్జనుడని తిట్టుదుము. అది క్రోధమునకు తావగును. మనకు తెలిసి వారిరువురకు తెలియనందువలననే మనము ఎవరిపైనను కోపింపజాలము. కోపమునకు తావులేని చోట కరుణ నిండును. కాబట్టి రాజును కాపాడుటకు ప్రేక్షకుని యెఱుక చాలును. రసమును కాపాడుటకు శకుంతల తెలియమి కావలెను.

ఐదవ యంకమంతయు ఈ రెండు తెలియముల పోరాటము. శకుంతల రాకకు ముందు హంసపదిక పాట విని రాజు కారణము తెలియని బెంగకు లోనగును. ఆ కారణము మనకు తెలియును. శకుంతల వచ్చిన పిమ్మట, పరస్త్రీని స్వీకరించుటయా, స్వభార్యను విడచుటయా అని యాతడు నిజముగనే సందేహపడును. ఆమెయో, ఉంగరమునకై వ్రేలు తడవికొని అది లేమిని కనుగొనును. శచీతీర్థమున నీటికి నమస్కరించుచుండగా జాఱిపోయెనని గౌతమి యూహించును. పిమ్మట దీర్ఘాపాంగుడను లేడిపిల్ల ముచ్చట చెప్పి జ్ఞప్తికి దెచ్చుటకు యత్నించును. నన్నయ శకుంతల సత్యమును గూర్చి వాదింపగా, ఈమె జ్ఞాపకములను ఏఱి చూపుచున్నది. ఒకసారి కోపించి రాజును అనార్యుడనును గాని ఆ కోపము వాదముగా పెరుగదు. ఎందువలన? రాజు బొంకుచున్నాడో, మఱచినాడో ఆమెకు తెలియదు. వాదించుటకు కావలసిన నిశ్చయమును కవి ఆమె యొద్ద నుండి తీసికొనెను. కాళిదాసు శకుంతల అబలయని, నన్నయ శకుంతల ధీరయని పోల్చి తీర్పు చెప్పుట తొందరపాటు. ఒకే స్త్రీని రెండు ఎఱుకలలో నిలిపినచో రెండు తీరుల మాటలాడును.

శాపము నాయకుని అసత్య దోషమునుండి తప్పించెననుటయు సగము నిజమే. రెండవ యంకపు చివర రాజు విదూషకుని నగరమునకు పంపుచు, శకుంతలను గూర్చి తాను చెప్పినదంతయు పరిహాసమనియు, నిజమని నమ్మవలదనియు చెప్పును. ఇది తెలిసి యాడిన అసత్యము. వదరుబోతగు విదూషకుడు అంతఃపురమున వెల్లడించునేమోయను శంకతో ఆడినది. దీని ఫలము ఆఱవ యంకమున కనబడును. నీవైనను ఏల గుర్తు చేయవైతివని రాజు అడుగగా, అంతయు పరిహాసమని నీవే అంటివి గదా యని విదూషకుడు బదులు చెప్పును. భారతమున నిండు సభలో ఆడిన బొంకును కాళిదాసు తొలగింపలేదు. దానిని చిన్నదిగ చేసి, స్నేహితుల ముచ్చటలో నాటి, మూడంకముల పిమ్మట ఫలింపజేసెను. రాజు మఱపునకు శాపము కారణము. అతనికి గుర్తుచేయువారు లేకపోవుటకు అతడే కారణము. పెక్కేండ్లు మేము చెప్పిన వాక్యమును ఇచట సవరించుకొనుచున్నాము.

4. మూడు గుర్తింపులు

ఆనవాళ్ల వలన కలుగు గుర్తింపును అరిస్టాటిల్ తక్కువ తరగతికి చెందినదిగా ఎంచెను. ఉంగరముతో నడచు నాటకమును ఆ కొలతతో చూచినచో తేలికపఱచవలసి వచ్చును. కాని కాళిదాసు ఉంగరముతో చేసిన పనిని నిదానించి చూడవలెను.

జాలరి పట్టిన ఎఱ్ఱచేప కడుపున దొరకిన ఉంగరము రక్షకభటుల చేతినుండి రాజునకు చేరును. జ్ఞాపకము వచ్చును, భార్య రాదు. సాధారణ కథలో ఆనవాలు కలయికను తెచ్చును. ఇచట దుఃఖమును తెచ్చినది. శకుంతలకు మాత్రము రాజునకు జ్ఞాపకము వచ్చినదని తెలియదు. మేనకకు హితురాలగు సానుమతి యను అప్సరస కనబడకుండ నిలిచి రాజు పరితాపమును చూచి పోవుట ఈ యెడమును పూరించుటకే.

ఏడవ యంకమున హేమకూటముపై, మారీచుని ఆశ్రమమున, రెండవ గుర్తింపు. సింహపుపిల్లతో ఆడుకొనుచున్న బాలుని చూచి రాజు మనస్సు అకారణముగా లాగబడును. బాలుని చేతి రక్ష నేలబడగా రాజు దానిని ఎత్తును. తల్లిదండ్రులు, తాను తప్ప అన్యులు ముట్టినచో ఆ రక్ష పామై కఱచును, రాజును కఱవలేదు. కొడుకు ఎవరో తెలిసినది. పిమ్మట భార్య కనబడును. రాజు ఉంగరమును మఱల తొడుగబోగా దానిని తాను నమ్మననును. ఉంగరము ఆనవాలే గాని నమ్మకము కాదని కవియే ఆమె నోట చెప్పించినట్లున్నది.

మూడవది మారీచుని మాట. శాప వృత్తాంతమును ఆ దంపతులు మొదటిసారిగా అచట విందురు. భర్త తనను నిష్కారణముగా విడువలేదని శకుంతల ఊఱడిల్లును. తాను శాపమును వినిన జ్ఞాపకము లేదనియు, ఉంగరమును చూపుమని చెలులు ఏల చెప్పిరో ఇప్పుడు తెలిసెననియు తలచుకొనును. నాల్గవ యంకమున ఆమె చెవిని పడి అర్థము కాక మిగిలిన మాట ఏడవ యంకమున అర్థవంతమైనది. చెల్లాచెదరైన బీజములు ఒకచోట చేరుట నిర్వహణ సంధి యని వల్లించు మనకు, చేరవలసినది సంగతులు కాదు, ఎఱుక యని ఈ ఘట్టము చూపుచున్నది. నాటకము మొదటినుండి మూడు చోట్ల పంచబడియున్న ఎఱుక ఇచట అందఱకు సమానమగును. అంతట నాటకము ముగియును.

5. చిన్నకథలో ఇదే సూత్రము

ఇది ప్రాచీన నాటకమునకే చెల్లునా యను శంక కలుగవచ్చును. గురజాడ అప్పారావుగారు 1910లో ఆంధ్రభారతిలో ప్రకటించిన "దిద్దుబాటు"ను చూతము. వేశ్య పాట కచేరీల మోజులో పడిన గోపాలరావు రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరును. భార్య కమలిని గదిలో లేదు. సేవకుడు రాముని కసరును. ఉత్తరము చూచి కలవరపడును. తన తప్పు నొప్పుకొనును. అప్పుడు మంచము క్రిందనుండి నవ్వు వినవచ్చును.

కాళిదాసు ప్రేక్షకునకు నాయకునికంటె ఎక్కువ తెలిపెను. గురజాడవారు నాయకునకు తెలిసినంతయే పాఠకునకు తెలిపిరి. మనము గోపాలరావుతో పాటు గదిలో ప్రవేశింతుము. అతనితో పాటు ఉత్తరమును చదువుదుము. ఎక్కువ తెలిసినది కమలినికే. ఈ కథను రెండవమాఱు చదువువానికి ప్రతి వాక్యము మాఱిపోవును. సేవకునితో మాటలాడుచున్నాననుకొనుచున్న భర్త నిజమునకు భార్యకు విన్నవించుకొనుచున్నాడు. ఆమె ఎదుట నిలిచి యున్నచో అతడు సాకులు చెప్పియుండును. ఆమె విన్నదని తెలియనందుననే నిజము పలికెను. దిద్దుబాటు జరిగినది ఉత్తరము వలన మాత్రమే కాదు, ఆ తెలియమి వలన కూడ. కొన్ని పుటల కథలో సంధుల లెక్క వేయుటకు వీలులేని చోట, ఎఱుక లెక్క నిర్మాణమును బయటపెట్టుచున్నది.

6. ముగింపు

ఈ పద్ధతికి హద్దులును కలవు. మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథల వంటి వానియందు పలుచోట్ల తరువాత ఏమి జరిగెనను కుతూహలమే నడిపించును గాని ఎవరికేమి తెలియునను ప్రశ్నకు ప్రాధాన్యము తక్కువ. అట్టిచోట దీనిని బలవంతముగా అంటగట్టుట, మేము పైన ఆక్షేపించిన జాబితా దోషమే యగును. పంచసంధులను విడిచిపెట్టుమని మా యభిప్రాయము కాదు. సంధులు కథ యెచట నున్నదో చెప్పును. ఎఱుక అది అచట ఏల నిలిచినదో చెప్పును. వ్యాఖ్యాతలు నాటకపు గర్భసంధిని నాల్గవ యంకము మొదలుకొని సభలో శకుంతల మేలిముసుగు తొలగు వఱకు నడపుట ఊరక చేసిన పని కాదు. శాపము చెలుల చెవిని పడుటతో మొదలై, ముసుగు తీసినను ముఖము గుర్తింపబడకపోవుటతో ముగియు ఆ భాగము ఎఱుక దాగియుండు భాగమే గదా.

పరిశోధక విద్యార్థులకు మా సూచన యొకటే. ఇతివృత్తమును గూర్చి వ్రాయబోవునపుడు ముందుగా ఒక కాగితముపై పాత్రల పేళ్లతో పాటు పాఠకుని పేరును వ్రాసి, ప్రధానమైన ప్రతి సంగతియు వారిలో ఎవరికి ఎచట తెలిసినదో గుర్తించుకొనవలెను. పిమ్మట ఒక్కొక్క యెఱుకను మాఱ్చి ఊహింపవలెను: ఇది ఇతనికి ముందే తెలిసినచో కథ నిలుచునా? నిలువనిచో అచట నిర్మాణపు కీలు ఉన్నది. భారతకథయు కాళిదాసు కల్పనయు కలిసిన పిల్లలమఱ్ఱి పినవీరభద్రుని శృంగార శాకుంతలమును ఈ దృష్టితో పరిశీలించుట శ్రమకు తగిన ఫలమునిచ్చునని మా విశ్వాసము.

ఇక అధ్యాపకులకు ఒక విన్నపము. ప్రశ్నపత్రములలో ఇతివృత్తమును ఒక ప్రశ్నగను, పాత్ర చిత్రణమును మఱియొక ప్రశ్నగను విడదీయుట మనకు సౌకర్యమే గాని కావ్యమునకు న్యాయము కాదు. ఏ పాత్రకు ఏమి తెలియునో చూడక ఆ పాత్ర గుణదోషములను నిర్ణయించుట, సాక్ష్యము వినక తీర్పు చెప్పుట వంటిది. అట్టి తీర్పును శకుంతలా దుష్యంతులపై మేమును పెక్కేండ్లు చెప్పియున్నాము. దానిని పునఃపరిశీలింపజేసినది ఏ గ్రంథమును కాదు. శకుంతలకు ఏల తెలియలేదని అడిగిన యొక విద్యార్థిని సందేహము.